కొండయాత్రలో ఎవరి అడుగు ప్రమాణం?

అనంతపురం నగరానికి ఆనుకొని ఉన్న బుక్కరాయసముద్రంలో దేవరకొండ ఉన్నది. ఆ కొండపై వెలసిన స్వామిని ఆ సీమ ప్రజలు కొండమీదరాయుడని పిలుచుకుంటారు. ఆ నామమే స్వామి నివాసాన్నీ భక్తుని కర్తవ్యాన్నీ ఏకకాలంలో తెలుపుతున్నది: రాయుడు కొండమీద ఉన్నాడు గనుక దర్శనార్థి కొండ ఎక్కాలి. మాఘమాసపు బ్రహ్మోత్సవాల వేళ కుటుంబాలకు కుటుంబాలే ఆ బాట పడతాయి. ఒక్కొక్క కుటుంబంలో చంకబిడ్డ మొదలుకొని ఎనభై ఏండ్ల అవ్వ వరకు ఉంటారు. ఎక్కవలసిన కొండ అందరికీ ఒక్కటే గాని, కాళ్ల సత్తువ అందరికీ ఒక్కటి కాదు.

ఈ వైషమ్యాన్ని గురించి బయలుదేరే ముందు ఆలోచించేవారు అరుదు. కొండ మొదట్లోనో, సగం దారిలోనో సమస్య ఎదురైనప్పుడు అక్కడికక్కడే ఒక వాక్యంతో తేల్చివేస్తారు. "నువ్వు ఈడనే కూర్చోవ్వా, మేము పోయి దండం పెట్టుకొనొస్తాం" అంటారు. అవ్వ ఒక గుండు నీడన చతికిలబడుతుంది. మిగిలినవారు పైకి సాగిపోతారు. ఆ మాటలో దుర్బుద్ధి లేశమైనా లేదు, నిజానికి ప్రేమే ఉన్నది. అయినా అందులో ఒక లోపం ఉన్నది. అవ్వను ఎవరూ అడగలేదు. ఆమె సంకల్పించుకొని, స్నానం చేసి, తడిచీర ఆరీ ఆరకముందే బయలుదేరిన యాత్ర ఆమె ప్రమేయం లేకుండానే ముగిసిపోయింది.

సామూహిక యాత్రలో అశక్తుని అడుగే ప్రమాణం కావాలనీ, ఆ ప్రమాణాన్ని ఇల్లు కదలకముందే, ఆ అశక్తునితోనే సంప్రదించి నిర్ణయించాలనీ చెప్పడానికి ఆర్షవాఙ్మయంలో ఆధారాలు పుష్కలంగా ఉన్నవి. ఇందుకు విరుద్ధమైన భావన మాత్రం నేటి భక్తసమాజంలో బలంగా పాతుకొని ఉన్నది. ఎవరి కర్మ వారిది, ఎవరి మెట్లు వారివి, కొండ ఎక్కడంలో ఎవరికి ఎవరూ తోడు కారు అని వైరాగ్యభాష మాట్లాడేవారు కొందరున్నారు. వారు తరచుగా ఉదాహరించేది మహాప్రస్థానిక పర్వాన్ని. హిమవత్పర్వత మార్గంలో ద్రౌపది పడిపోయింది. తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరకు భీముడు పడిపోయారు. ధర్మరాజు వెనుదిరిగి చూడకుండా నడిచాడు. సాక్షాత్తు ధర్మపుత్రుడే ఆగనప్పుడు సామాన్యులు ఆగడమెందుకు అన్నది వారి వాదం.

ఈ వాదం ఆ పర్వాన్ని సగంలో మూసివేసినవారి వాదం. మహాప్రస్థానం తీర్థయాత్ర కాదు, దేహవిసర్జన దీక్ష. ఆ ఆరుగురూ తిరిగి రాని ప్రయాణమని తెలిసే రాజ్యాన్ని పరీక్షిత్తుకు అప్పగించి బయలుదేరారు. సాయంత్రానికి ఇల్లు చేరి ప్రసాదం పంచుకోవలసిన యాత్రికులకు ఆ నియమం వర్తించదు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఇంద్రుడు రథం తెచ్చి ఎదుట నిలిచినప్పుడు ధర్మరాజు నోట వెలువడిన మొదటి కోరిక తనకోసం కాదు. దారిలో పడిపోయిన సోదరులూ సుకుమారి అయిన ద్రౌపదీ తనతో రావాలనీ, వారు లేని స్వర్గం తనకు వద్దనీ అన్నాడు. వెంట వచ్చిన కుక్కను విడిచి రథమెక్కడానికి కూడా ఒప్పుకోలేదు. స్వర్గారోహణ పర్వంలో తనవారి ఆర్తనాదం వినిపించిన నరకంలోనే నిలిచిపోవడానికి సిద్ధపడ్డాడు. ఇంతటివానిని సహయాత్రికులను వదిలివేసేవారికి ఆదర్శంగా చూపడం సాహసమే అనాలి.

ధర్మరాజు కొండయాత్రను ఎలా నిర్వహించాడో తెలుసుకోదలచినవారు అరణ్యపర్వాన్ని చూడాలి. నన్నయ ఆరంభించి విడువగా ఎఱ్ఱన పూరించిన పర్వమది. అందులోని తీర్థయాత్రా వృత్తాంతం, వేర్వేరు శక్తులు గలవారు కలసి పర్వతమార్గంలో ఎలా నడవాలో తెలిపే ప్రథమ పాఠమంటే అతిశయోక్తి కాదు.

అర్జునుడు ఇంద్రలోకంలో ఉన్న కాలమది. తీర్థయాత్రకు పూనుకొన్న ధర్మరాజుకు లోమశమహర్షి చేసిన తొలి సూచన పరివారాన్ని తేలిక చేసుకోమన్నది. పరివారం తక్కువైతే నడక సులభమవుతుంది. ధర్మరాజు ఆ మాట విన్నాడు. ఆకలిదప్పులకూ శ్రమకూ చలికీ ఓర్వలేనివారు ఆగిపోవచ్చునని ముందుగానే ప్రకటించాడు. అయితే ఆగిపొమ్మని ఊరుకోలేదు. తనను ఆశ్రయించి వచ్చిన పౌరులు ధృతరాష్ట్రుని వద్దకు వెళ్లవచ్చుననీ, అక్కడ పోషణ లభించకపోతే పాంచాలరాజు ఆదరిస్తాడనీ ఏర్పాటు చెప్పి పంపాడు. వెనుక నిలిచేవారి అన్నపానాల సంగతి తేల్చిన తరువాతనే ఆయన ముందుకు అడుగు వేశాడు.

గంధమాదన పర్వతం సమీపించగానే మరొకసారి ఆలోచన జరిగింది. మార్గం మరింత దుర్గమం కాబోతున్నది. ధర్మరాజు భీముని పిలిచి ఒక ప్రతిపాదన చేశాడు. ద్రౌపది ఈ దారిలో ఎలా నడవగలదో చూడు; సహదేవునీ, సారథులనూ, వంటవారినీ, నడచి అలసిన విప్రులనూ తీసుకొని నీవు వెనుదిరిగి గంగాద్వారంలో ఆమెకు రక్షకుడవై ఉండు; నేను, నకులుడు, లోమశుడు అల్పాహారులమై వెళ్లివస్తాము అన్నాడు. దేవరకొండ మొదట్లో అవ్వతో అన్న మాటకు ఇది రాజభాషలో రూపాంతరమే. భీముడు అంగీకరించలేదు. బడలిక ఉన్నా అర్జునుని చూడాలన్న ఆశతో ఆమె నడుస్తున్నదనీ, ఆమె నడవలేని చోట తానే మోస్తాననీ, సుకుమారులైన మాద్రీపుత్రులను సైతం మోస్తాననీ అన్నాడు. అప్పుడు ద్రౌపది చిరునవ్వుతో, తాను నడవగలననీ తన కోసం దిగులుపడవలదనీ పలికింది.

ఈ సంభాషణలో ముగ్గురి మాటలూ ముఖ్యమైనవే. నాయకుడు ప్రమాదాన్ని దాచలేదు. బలవంతుడు తన బలాన్ని ఇతరుల అక్కరకు అర్పించాడు. అందరూ ఎవరిని గురించి మాట్లాడుతున్నారో ఆమె తన నిర్ణయాన్ని తన నోటితో చెప్పింది. యాత్ర ఆ మాట మీదనే సాగింది. ఆ తరువాత సుబాహువనే రాజు పాలిస్తున్న ప్రదేశంలో పరిచారకులనూ వంటవారినీ సామగ్రినీ ఆయన సంరక్షణలో ఉంచి, కాలినడకన మెల్లగా కదిలారు.

నడవగలనన్న ద్రౌపది నడవలేకపోయింది కూడా. పెనుగాలివాన వెలిసిన తరువాత ఒక్క క్రోశం దూరం సాగేసరికి సొమ్మసిల్లి ఒరిగిపోయింది. నకులుడు పరుగున వచ్చి పట్టుకున్నాడు. ధర్మరాజు ఆమె తలను ఒడిలో పెట్టుకున్నాడు. కవలలు పాదాలు ఒత్తారు. గమనించవలసినది ఏమంటే, నిన్ననే చెప్పాను కదా అని ఒక్కరూ అనలేదు. భీముడు తన కుమారుడైన ఘటోత్కచుని తలచాడు. అతడు వచ్చి తల్లిని భుజాలకెత్తుకున్నాడు. మిగిలిన రాక్షసవీరులు పాండవులనూ బ్రాహ్మణులనూ మోశారు. లోమశుడు మాత్రం తన తపశ్శక్తితో ఆకాశమార్గాన తానే నడిచాడు. శక్తి గలవానికి మోత అక్కరలేదు, శక్తి లేనివారిని మోయడానికి ఎవరికీ చిన్నతనం లేదు. అందరూ చేరినది ఒకే బదరీ నరనారాయణాశ్రమానికి. ఘటోత్కచునికి భీముడు ఇచ్చిన ఆదేశం ఒకటి ఉన్నది: మా నడుమనే ఉండు, ఎత్తుగా పోకు, ఆమెకు నొప్పి కలగని రీతిలో తక్కువ ఎత్తున మెల్లగా సాగు అన్నాడు. ఆకాశంలో ఎంత ఎత్తునైనా ఎగరగలవాడు ఆ రోజు నేలను అంటిపెట్టుకొని ఎగిరాడు.

అసలు తీర్థయాత్ర అన్న విధానమే అశక్తుల కోసం ఏర్పడినదన్న సంగతి కూడా ఆ పర్వంలోనే ఉన్నది. యజ్ఞాలకు సంభారాలు కావాలి, ధనం కావాలి, ఋత్విజులు కావాలి. అవి రాజులకూ సంపన్నులకూ తప్ప దరిద్రులకు సాధ్యం కావు. కనుక దరిద్రులు సైతం పొందగల యజ్ఞతుల్యఫలం తీర్థాభిగమనమని పులస్త్యుడు భీష్మునికి ఉపదేశించాడు. అంటే ధనబలం లేనివారికి తెరిచిన ద్వారమిది. దానికి దేహబలం అనే కొత్త గడియ పెట్టడం ఏ న్యాయం?

శ్రీమద్భగవద్గీతలో సైతం ఇదే క్రమం గోచరిస్తుంది. ద్వాదశాధ్యాయంలో 8వ శ్లోకం మొదలు 11వ శ్లోకం వరకు భగవానుడు చేసినది అర్జునుని కోసం మెట్లను తగ్గిస్తూ రావడమే. చిత్తాన్ని నాయందే నిలుపు. అది చేతకాకపోతే అభ్యాసం చేయి. అదీ చేతకాకపోతే నా కోసం కర్మ చేయి. దానికీ అశక్తుడవైతే కర్మఫలాన్ని విడిచిపెట్టు అన్నాడు. ఒక్కొక్క మెట్టు దిగుతూ శిష్యుడు నిలిచిన చోటికి గురువే వచ్చాడు. ఏ మెట్టు వద్దా నిందావాక్యం లేదు. వేదాంతులు చెప్పే అధికారిభేదం అధికులనూ అల్పులనూ విడదీయడానికి ఏర్పడిన సిద్ధాంతమని పొరబడేవారు ఈ నాలుగు శ్లోకాలను మనసు పెట్టి చదవాలి.

తిరుమల సంప్రదాయంలోని ఒక వృత్తాంతం ఇక్కడ స్మరణీయం. భగవద్రామానుజులకు మేనమామ అయిన తిరుమలనంబి శ్రీమద్రామాయణ రహస్యార్థాలను ఒక సంవత్సరకాలం కొండ దిగువన బోధించారని ఆచార్యచరిత్రలు చెబుతున్నవి. వృద్ధుడైన నంబి స్వామి కైంకర్యం ముగించుకొని కొండ దిగి వచ్చేవారు. కొండ మొదలును తక్కువ స్థానంగా భావించేవారికి ఇది సరైన సమాధానం. అవ్వ కొండ దిగువన కూర్చోవలసి వస్తే కూర్చోవచ్చు. ఆ కూర్చోవడం ఆమె యాత్రలో భాగంగా ఉండాలి. అక్కడ ఒక పారాయణం, ఒక దీపం, ఆమెతో ఒక తోడు ఏర్పాటు చేసి ఉంచడం ఒక విషయం. సంచులకు కాపలా ఉంచి వెళ్లడం మరొక విషయం. అరుణాచలంలో గిరినే శివస్వరూపంగా భావించి దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. శిఖరం ఎక్కనివారి భక్తికి అక్కడ ఏ కొరతా లేదు.

తాళ్లపాక అన్నమాచార్యుల జీవితంలోని ఘట్టం సర్వజనవిదితం. మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రంలో ఆ కథ ఉన్నది. బాల్యంలో యాత్రికుల వెంట తిరుమలకు బయలుదేరిన అన్నమయ్య మోకాళ్ల ముడుపు వద్దకు వచ్చేసరికి ఆకలితో, అలసటతో సోలిపోయాడు. అప్పుడు అలమేలుమంగ పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చి, పాదరక్షలు విడిచి ఎక్కాలని తెలిపి, ప్రసాదం తినిపించింది. ఈ కథను అమ్మవారి కరుణకు నిదర్శనంగా అందరూ చెప్పుకుంటారు, అది యుక్తమే. కానీ ఒక ప్రశ్న ఎవరూ వేయరు. ఆ బాలునితో పాటు బయలుదేరిన యాత్రికులు ఆ సమయంలో ఎక్కడ ఉన్నారు? వెనుకబడిన పసివానికి అన్నం పెట్టడానికి జగన్మాత స్వయంగా రావలసి వచ్చిందంటే, ముందు వెళ్లినవారిలో ఒక్కరూ వెనుదిరిగి చూడలేదన్నమాట.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన దోషం కూడా సమాజంలో ఉన్నది. అదీ తక్కువ ప్రమాదకరం కాదు. కుంటివానిచేత కొండను దాటించే కృపను కీర్తించే ధ్యానశ్లోకాన్ని పదే పదే చదువుతూ, గుండెజబ్బు ఉన్న తండ్రినీ మోకాళ్లు అరిగిన తల్లినీ "స్వామే నడిపిస్తాడు" అని బలవంతంగా ఎక్కించేవారున్నారు. ఆ శ్లోకంలోని క్రియాపదం ప్రేరణార్థకమన్న సంగతి వారు గమనించరు. దాటించడానికి ఒక చేయి కావాలి. ఆ చేయిగా తమను నియమించారేమోనన్న ఆలోచన వారికి రాదు. శాస్త్రవిహితం కాని ఘోరతపస్సుతో శరీరాన్నీ, శరీరంలో ఉన్న తననూ కృశింపజేసేవారిని గీత పదిహేడవ అధ్యాయంలో భగవానుడు ఆసురనిశ్చయులన్నాడు. ఉపవాసాదుల్లో బాలురకూ వృద్ధులకూ రోగులకూ ధర్మశాస్త్రం సడలింపు ఇచ్చింది. మధుమేహం ఉన్నవారు ఉదయం మందు వేసుకొని, ఏమీ తినకుండా కొండ ఎక్కడం వ్రతం అనిపించుకోదు. చక్కెర ఒక్కసారిగా పడిపోయి మార్గమధ్యంలో స్పృహ తప్పుతారు.

అశక్తులలోనూ ఒక దోషం ఉంటుంది. పిల్లల ఉత్సాహం భంగమవుతుందని ఆయాసాన్ని దాచుకుంటారు. అది త్యాగంలా కనిపించే అభిమానం. ఎక్కేటప్పుడు గుండెలో పట్టినట్లయితే ఆ క్షణమే చెప్పడం తోటి యాత్రికుల పట్ల ఆమె ధర్మం. అయితే ఆ మాట చెప్పగల వాతావరణాన్ని కల్పించడం వారి ధర్మం. పదిమంది ఎదుట "ఎక్కగలవా అవ్వా?" అంటే ఏ అవ్వ అయినా ఎక్కగలననే అంటుంది. ముందురోజు రాత్రి, పక్కన కూర్చొని, ఒంటరిగా అడగాలి.

అనంతపురం సీమ కొండల విషయంలో మరికొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే నేల ఇది. శేషాచలం వంటి అడవికొండల చల్లదనం ఇక్కడి గండశిలలకు లేదు. ఈ కొండలపై నీడ అరుదు, దారిలో ఊట దొరుకుతుందని నమ్మలేము. మాఘమాసంలో సైతం పొద్దెక్కేకొద్దీ బండ వేడెక్కుతుంది, వట్టికాళ్లతో నడిచేవారికి అది పరీక్షే. కనుక తెల్లవారుజామున చీకటి వీడుతూ ఉండగానే బయలుదేరాలి. మెల్లగా నడిచేవారు ఎండ రాకముందే పైకి చేరేలా వేళను వెనుకనుంచి లెక్కించుకోవాలి. వేగంగా నడిచేవాని వేళను బట్టి నిర్ణయిస్తే అవ్వ ఎండలో చిక్కుతుంది. ప్రతి ఒక్కరి నీరూ ప్రతి ఒక్కరి వద్ద ఉండాలి. నీళ్ల సంచి అంతా ముందు పరుగెత్తే కుర్రవాని వీపున ఉంటే వెనుకవారి గొంతు ఎండుతుంది. మందులు ఎవరివో వారి చీరకొంగుననే ఉండాలి.

నడక వరుసలో అందరికంటె మెల్లగా నడిచేవారిని ముందుంచితే సగం చిక్కులు తొలగుతాయి. చివరన ఓర్పు గల బలవంతుడు ఒకడు ఉండాలి. వానిని దాటి ఎవరూ వెనుకబడరాదు. అన్నింటికంటె తరచుగా జరిగే అన్యాయం విశ్రాంతి విషయంలో. ముందున్నవారు గుండు మీద కూర్చొని సేదదీరుతూ ఉంటారు. వెనుకవారు ఆయాసపడుతూ వచ్చి చేరగానే "వచ్చారు కదా, పోదాం" అని లేస్తారు. విశ్రాంతి అవసరమైనవారికి విశ్రాంతి దక్కదు, అక్కరలేనివారికి రెండింతలు దక్కుతుంది. చివరివారు చేరిన తరువాతనే విశ్రాంతి ఆరంభమైనట్లు లెక్కించాలి.

క్షేత్రాన్ని ఎన్నుకోవడంలోనూ వివేకం ఉండాలి. అహోబిలంలో నవనారసింహ స్థానాలు ఉన్నవి. ఛత్రవట, యోగానంద సన్నిధులు దిగువన సులభంగా చేరదగినవి. జ్వాలా నృసింహుని చేరడానికి కొండదారిన చాలా దూరం నడవాలి. ఉగ్రస్తంభం దృఢకాయులకే కష్టసాధ్యం. తొమ్మిదీ ఒక్క దినంలో చూసి తీరాలన్న పంతంతో బయలుదేరిన బృందం ఒక్క సన్నిధిలోనూ స్థిమితంగా నిలబడలేదు. కలసి చూడదగినవి కలసి చూసి, మిగిలినవాటికి శక్తులు మాత్రమే వేరొక దినం వెళ్లడం శ్రేయస్కరం.

డోలీ గురించి ఒక మాట. తిరుమలకు 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడకముందు వృద్ధులకు డోలీయే ఆధారం. నేటికీ కొన్ని క్షేత్రాల్లో అది ఉన్నది. డోలీ ఎక్కడంలో పుణ్యలోపం ఉందనుకొనేవారు ద్రౌపదిని తలచుకోవాలి. కానీ ఘటోత్కచుడు కన్నకొడుకు వంటివాడు, రాక్షసబలం గలవాడు. నేడు మోసేవాడు కూలి కోసం వచ్చిన మనిషి. వాని భుజానికీ ఒక పరిమితి ఉన్నది, వాని దప్పికా దప్పికే. బేరమాడి కూలి తగ్గించి, ఆపకుండా మోయించి, పైన హుండీలో నోట్లు వేయడం విచిత్రమైన భక్తి. డోలీ మోసేవారు కూడా ఆ బృందంలోని సహయాత్రికులే. వారి విశ్రాంతినీ ప్రణాళికలో కలుపుకోవాలి.

బుక్కరాయసముద్రానికి ఆ పేరు విజయనగర ప్రభువు బుక్కరాయల వలన వచ్చింది. ఆ ఊరికి తెలుగు సాహిత్యంలో శాశ్వతస్థానం కలిగించినది మాత్రం ఒక రైతు ఇంటి కోడలు. చెరువుకట్ట తెగబోతున్నప్పుడు ఊరి కోసం తనను అర్పించుకున్న బసిరెడ్డి కోడలి గాథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ముసలమ్మ మరణంగా కావ్యం చేశారు. అందరి కోసం ఒక్కరు సర్వస్వం ఇచ్చిన ఊరది. అటువంటి ఊరి కొండ ఎక్కుతూ ఒక్కరి కోసం అందరూ అరగంట ఆగడానికి మనస్కరించకపోతే ఆశ్చర్యపడవలసిందే. ముసలమ్మను కూడా ఊరు అడగలేదు, దైవవాక్కు పేరిట నిర్ణయం ఆమెపై వచ్చి పడింది. ఆమె దానిని స్వీకరించిన తీరు మహత్తరం. అడగకుండా త్యాగాన్ని ఆశించడం మాత్రం ఆదర్శం కాజాలదు.

ఇక దిగడం. దర్శనమైన వెంటనే యాత్ర పూర్తయిందన్న భ్రమ కలుగుతుంది, కట్టుబాట్లన్నీ సడలిపోతాయి. యువకులు బండల మీదుగా దూకుతూ దిగిపోతారు. కానీ మోకాళ్లు నొప్పి ఉన్నవారికి ఎక్కడం కంటె దిగడమే కష్టం; ఒక్కొక్క అడుగులో దేహభారమంతా మోకాలిపై పడుతుంది, అలసిన కాలు నున్నని బండపై జారుతుంది. ఆ సమయానికి ఎండ ముదిరి, నీళ్లు అయిపోయి ఉంటాయి. కనుక ఎక్కేటప్పుడే దిగడానికి సగం నీరు మిగుల్చుకోవాలి. దిగేటప్పుడు బలవంతుడు ఒక మెట్టు కింద నడవాలి, అవ్వ వాని భుజంపై చేయి వేసుకొని రావాలి. ఆమె రెండవ చేతిలో కర్ర ఉండాలి. ప్రసాదపు సంచి మరొకరు తీసుకోవాలి.